కుట్టుగదికి పెట్టిన కన్ను

కుట్టుగది, పెద్దాసుపత్రి వెనక వరండా
మార్చి

ఏమే కోడలా,

నేను మీ మేనత్తని. నేను చెబుతుంటే స్టోరు గుమాస్తా రాస్తున్నాడు. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు, నోరు వచ్చని ఊరందరికీ తెలుసు.

బాగున్నావా అని అడగను. బాగానే ఉంటావు. హెడ్డాఫీసులో కూర్చుని ఆసుపత్రులన్నిట్లో కరెంటు తగ్గించే ఆఫీసరమ్మవి, నీకేం లోటు? లోటంతా మాకొచ్చింది.

పోయిన నెల ఎలక్ట్రీషియన్ వచ్చి మా గది గోడకున్న లైట్ల స్విచ్చులు పీకేశాడు. తలుపు పైన సబ్బుబిళ్ళంత తెల్ల డబ్బా ఒకటి బిగించాడు. "ఇది కన్ను, అమ్మా. మనిషి కదిలితే లైటు వేస్తుంది, మనిషి లేకపోతే ఆర్పేస్తుంది. ఇంక మీకు స్విచ్చు నొక్కే బాధ లేదు" అన్నాడు. స్విచ్చు నొక్కి నొక్కి మా వేళ్ళు అరిగిపోయాయని నీ దగ్గరకొచ్చి ఎవరేడ్చారే?

మేం కూర్చుని కుట్టేవాళ్ళం. దుప్పటి ముందేసుకుంటే మాలో కదిలేవి వేళ్ళూ, మిషను కింద పాదాలూ, అంతే. ఆ కంటికి అవి ఆనవు. గదిలో ఎవరూ లేరనుకుని లైట్లు ఆర్పేస్తుంది. ఎనిమిది మంది ఆడవాళ్ళం ఊపిరి పీలుస్తూ కూర్చున్నాం, అయినా లేమట. అప్పుడు ఎవరో ఒకరు లేచి తలుపు దాకా వెళ్ళి చెయ్యి ఊపాలి. రైలెక్కినవాళ్ళని సాగనంపినట్టు రోజంతా ఊపుతూనే ఉన్నాం. మొన్న చీకటయ్యేసరికి బొత్తాలు కుట్టే ఆవిడ సూది వేల్లో దింపుకుంది. ఆపరేషన్ గౌను మీద నెత్తురు మరక పడింది. ఆ గౌను తొడుక్కునేవాడు కత్తి పెట్టకముందే హడలి చస్తాడు.

గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం? నా కేసు ఒక్కటే. నా స్విచ్చు నా గోడకి తిరిగి రావాలి. రాలేదా, నేనే హెడ్డాఫీసుకొచ్చి నీ బల్లెక్కి కూర్చుని నీ మొహం మీద చెయ్యి ఊపుతాను.

మీ అత్త (వేలిముద్ర)

(ఇందులో రెండు మాటలు వదిలేశాను. రాయదగ్గవి కావు. — స్టోరు గుమాస్తా)


ఇంధన విభాగం, హెడ్డాఫీసు, మూడో అంతస్తు
మార్చి

అత్తా,

నీ ఉత్తరం అందింది. గుమాస్తా గారు వదిలేసిన రెండు మాటలూ ఏమయ్యుంటాయో నేనే పూరించుకున్నాను.

మా బాధ కూడా కొంచెం విను. ఆసుపత్రుల కరెంటు బిల్లు ఏటేటా పెరిగి మందుల పద్దుని తినేస్తోంది. పైగా కరెంటు తయారయ్యే చోట బొగ్గు కాలుతుంది. మన వాడకం వల్ల ఎంత పొగ గాల్లో కలుస్తోందో ఇప్పుడు ప్రతి ప్రభుత్వ సంస్థా లెక్క చెప్పాలి. ఊపిరితిత్తులకి వైద్యం చేసే మనమే ఊరి మీదికి పొగ వదలడం ఏం బాగుంటుంది? అందుకని ఈ ఏడాది ప్రతి భవనమూ వాడకంలో పదోవంతు తగ్గించాలని నియమం పెట్టారు.

వెతికితే మొదట దొరికినవి మనుషుల్లేని గదుల్లో వెలిగే లైట్లు. అన్ని ఆసుపత్రులకీ కలిపి ఒకే ఆర్డరులో సెన్సర్లు కొన్నాం. నువ్వు కన్ను అంటున్నది దాన్నే. ఎలక్ట్రీషియన్‌ని పంపి లైటు ఆరే వ్యవధి పెంచమంటాను. అతనికి చాలా చోట్ల పనుంది, వేసవి అయ్యేలోపు వస్తాడు. అందాకా ఓపిక పట్టు.

నిన్ను ఓపిక పట్టమన్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

నీ కోడలు


కుట్టుగది
ఏప్రిల్

చిట్టితల్లీ,

ఎండలు ముదిరాయి, వేళకి తింటున్నావా? ఆ మూడో అంతస్తులో గాలి ఆడుతుందా?

ఎలక్ట్రీషియన్‌ని పంపకు. పాపం అతనికెన్ని పనులో. కన్ను ఇప్పుడు బాగా పనిచేస్తోంది. మేమూ దానికి అలవాటు పడ్డాం, అదీ మాకు అలవాటు పడింది. లైటు ఆరడమే లేదు. మార్చిలో నేను కాస్త తొందరపడి రాయించాను. నువ్వు చదువుకున్నదానివి, ఏం చేసినా ఆలోచించే చేస్తావు.

ఎవర్నీ పంపకు. మళ్ళీ చెబుతున్నాను, ఎవర్నీ పంపొద్దు.

మీ అత్త (వేలిముద్ర)

(‘ఆలోచించే చేస్తావు’ అన్న వాక్యం ఆవిడే చెప్పింది. నమ్మలేక రెండుసార్లు అడిగి రాశాను. — గుమాస్తా)


ఇంధన విభాగం, హెడ్డాఫీసు
జులై

అత్తా,

ఈ ఉత్తరం కోడలిగా రాయాలో ఆఫీసరుగా రాయాలో తెలియక రెండు రోజులు బల్ల మీదే పెట్టుకున్నాను.

ఇస్త్రీపెట్టెలున్నాయని మీ గదికి విడిగా మీటరు పెట్టాం, గుర్తుందా? ఈ మూణ్ణెల్ల అంకెల్ని పోయినేటి అంకెలతో పోల్చి చూశాను. ఆసుపత్రి మొత్తం మీద వాడకం తగ్గింది. ఒక్క మీ గదిలో పెరిగింది. కొంచెం కాదు, రెట్టింపు దాటింది. పగలే కాదు, రాత్రుళ్ళూ ఆదివారాలూ కూడా. వాడకాన్ని గీతగా గీస్తే మిగతా మీటర్లది సాయంత్రానికి కిందికి దిగుతుంది. మీ గీత దిగడం లేదు, బల్లపరుపుగా సాగుతోంది.

ఐదింటికి తాళం వేసి వెళ్తారు కదా? ఇస్త్రీపెట్టెలు తీస్తున్నారా? ఇంకేమైనా పెట్టారా గదిలో? నాకు సూటిగా చెప్పు. ఏడాది మధ్యలో పై వాళ్ళకి నివేదిక పంపాలి.

నీ కిందటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నన్ను మెచ్చుకున్నావు. అప్పుడే అనుమానించాల్సింది.

నీ కోడలు


కుట్టుగది
జులై

ఏమే ఆఫీసరమ్మా,

రాత్రుళ్ళు మా గదిలో దయ్యాలు కూర్చుని దుప్పట్లు కుడుతున్నాయనుకున్నావా? కుడితే మంచిదే, వార్డుల నించి పాతిక చింపులొచ్చి పడున్నాయి, వాటిక్కూడా ఒక కత్తెర ఇస్తాను.

మా గదిలో ఉన్నవి విను. ఎనిమిది ట్యూబులైట్లు. రెండు ఇస్త్రీపెట్టెలు. పని కాగానే వాటి తీగ పీకి, చుట్ట చుట్టి, నా కళ్ళతో చూశాకే తాళం వేస్తాను. తలుపు పక్కన గోడ ఫ్యాను. అది మేం ఎప్పుడూ ఆపం. ఒకసారి దూదిపొట్టు పేరుకుని నిప్పంటుకుంది. ఆ రోజు నించీ అది రాత్రీ పగలూ తిరగాల్సిందే, అది మా గది కట్టుబాటు. ఇన్నాళ్ళూ లేని తప్పు ఇప్పుడొచ్చిందా?

మనుషుల్లేకపోతే కన్ను లైట్లార్పేస్తుందని చెప్పింది మీరేగా? మేం వెళ్ళిపోతే దానికి తెలీదా మరి?

దొంగెవరో నాకు తెలుసు. మా గది రెండో తాళంచెవి రాత్రి కాపలావాడి దగ్గరుంటుంది. నేను చెబుతున్నాను, వాడు నలుగురిని పోగేసి మా గదిలో పేకాట పెడుతున్నాడు. మెత్తటి దుప్పట్లు, చల్లటి ఫ్యాను, ప్రభుత్వం వారి వెలుతురు, ఇంకేం కావాలి? మొన్ననే సూపరింటెండెంటు గారి గదికెళ్ళి అదే చెప్పొచ్చాను. ఆయన కాగితం మీద రాసుకున్నారు.

చేసినవాణ్ణి వదిలేసి మమ్మల్ని అడక్కు.

మీ అత్త (వేలిముద్ర)

(పేకాట సంగతి నేను చూసింది కాదు. ఆవిడా చూసింది కాదు. — గుమాస్తా)


ఇంధన విభాగం, హెడ్డాఫీసు
ఆగస్టు

అత్తా,

కాపలాదారుని పనిలోంచి పక్కన పెట్టారు, విచారణ అయ్యేదాకా. తాళం ఒక్కరోజు కూడా తీయలేదంటున్నాడు. అతను లేని ఈ పది రోజుల్లో కూడా మీటరు అలాగే తిరుగుతోంది. అంటే ఏమిటో నువ్వే ఆలోచించు.

గుమాస్తా గారూ, ఈ కింది పేరా దయచేసి అత్తకి ఒక్కదానికే, పక్కకి తీసుకెళ్ళి చదవండి.

అత్తా, ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఒకటుంది. నా ఉత్తరాలు నీకు వేరే గొంతు చదివి వినిపిస్తుందని వెనకాడాను. వాడకం పెరిగిన గదుల్ని మూసేయడానికి ఒక జాబితా తయారైంది. అందులో మొదటిది మీ గది. దుప్పట్లూ గౌనులూ బయటి కంపెనీకిచ్చి కుట్టిస్తారు. అప్పుడు ఆ కరెంటు వాళ్ళ మీటరులో తిరుగుతుంది. మన లెక్కలో పొగ తగ్గుతుంది, గాల్లో తగ్గదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను. ఆ జాబితా మీద సంతకం నాది. నివేదికలో అడిగేది మన మీటరు అంకె ఒక్కటే, నేనూ దానికే జవాబు రాశాను. వచ్చే నెల కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు ఊఁ అంటే ఏడాది చివరికల్లా మీ ఎనిమిది మందికీ పని ఉండదు.

నువ్వు నాకు చెప్పనిది ఏదైనా ఉంటే ఇప్పుడు చెప్పు.

నీ కోడలు


కుట్టుగది, పెద్దాసుపత్రి
ఆగస్టు

గౌరవనీయులైన ఇంధన విభాగపు అధికారిణి గారి సముఖమునకు,

కుట్టుగదిలో గుడ్డ కత్తిరించే ముసలిది నమస్కరించి వ్రాయించునది.

తమరు పక్కకి తీసుకెళ్ళి చదవమన్న పేరాను గుమాస్తా గారు వరండాలోకి తీసుకెళ్ళి చదివారు. ఆయన గొంతు ఎలాంటిదో తమరికి తెలీదు. ఎనిమిది మందిమీ విన్నాం.

ఆదివారం నాడు నేను కాపలాదారు ఇంటికి వెళ్ళాను. అతని భార్య నన్ను గుమ్మం అవతలే నిలబెట్టింది. నిలబెట్టాల్సిందే. అతన్ని వెంటబెట్టుకుని వచ్చి మా గది తలుపు తీశాను. లోపల మనిషి లేడు, పేకముక్క లేదు. లైట్లన్నీ వెలుగుతున్నాయి. కన్ను ముందు గుడ్డపీలిక ఊగుతోంది.

ఆ పీలిక కట్టించింది నేను. ఏప్రిల్‌లో, పాత దుప్పటి అంచు చింపి గోడ ఫ్యాను ఊచకి కట్టాం. ఉపాయం బొత్తాలావిడది, సరే కట్టమన్న నోరు నాది. ఫ్యాను గాలికి అది ఊగుతుంటే ఆ కన్ను ఎవరో మనిషి అనుకుని లైటు ఆర్పదు. ఎనిమిది మంది మనుషులు ఆనని కంటికి గుడ్డపీలిక ఆనింది. మేం వెళ్ళిపోయాక కూడా ఫ్యాను తిరుగుతుంది కదా, పీలిక ఊగుతుంది కదా అని మాకు తట్టలేదు. మేం వెళ్ళేసరికి బయట ఇంకా వెలుతురే. కిటికీలకి బీరువాలు అడ్డం, చీకటి పడ్డాక ఎవరు అటు వచ్చినా లోపలి వెలుగు కనపడదు.

మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటు గారికి, కాపలాదారు ఎదుటే, నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. అతన్ని తిరిగి పనిలోకి తీసుకున్నారు. పీలిక విప్పేశాం. ఇప్పుడు చీకట్లో చేతులు ఊపుకుంటూ కుడుతున్నాం.

నా తప్పు చెప్పుకున్నాను. తమరి తప్పు తమరికే వదిలేస్తున్నాను. పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళని చూశాను గానీ, పొగ తగ్గించడానికి పొమ్మనేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను. ఇంట్లో ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకుంటారా తమరి హెడ్డాఫీసులో?

కమిటీ ముందు నా కేసు నా నోటితో చెప్పుకోవడానికి అనుమతి ఇప్పించ ప్రార్థన.

ఇట్లు, తమ విధేయురాలు (వేలిముద్ర)

(అలవాటు కొద్దీ నేను ‘నువ్వు’ అని రాస్తే కొట్టేయించి ‘తమరు’ అని రాయించింది. — గుమాస్తా)


ఇంధన విభాగం, హెడ్డాఫీసు
సెప్టెంబరు

అత్తా,

‘తమరు’ అన్నావు. నాలుగు తిట్టినా హాయిగా చదువుకునేదాన్ని.

అనుమతి వచ్చింది. ఇరవయ్యో తారీఖు, పొద్దున పదింటికి, హెడ్డాఫీసు సమావేశం గది. బొత్తాలావిణ్ణి తోడు తెచ్చుకో. నేను మాత్రం గదిలో ఉండను. నువ్వు నా మేనత్తవని రాసిచ్చాను. బంధువుల సంగతి వచ్చినప్పుడు అధికారి బయట కూర్చోవాలి, అది ఇక్కడి నియమం. నేను చెప్పాల్సింది కాగితం మీద పెట్టి ఛైర్మన్ గారికి ఇచ్చాను.

కొన్ని జాగ్రత్తలు చెబుతాను, కోప్పడకు. ఎవర్నీ ఏరా అనకు. ఛైర్మన్ గారికి చెవి కొంచెం మందం. దగ్గరగా కూర్చుని చెప్పు, అరవకు. నీకు అన్యాయం జరిగిందా లేదా అన్నది వాళ్ళు ఎక్కువసేపు వినరు. వాళ్ళు అడిగేది ఒక్కటే, ‘మీరు తగ్గించగలరా, ఎలా?’ దానికి మీ ఎనిమిది మందీ కలిసి ఒక జవాబు పట్టుకురండి. జవాబు లేకుండా రావద్దు అత్తా. నీ నోరొక్కటే ఈసారి చాలదు.

నీ కోడలు


కుట్టుగది
సెప్టెంబరు

ఏమే కోడలా,

బయట బెంచీ మీద కూర్చుని నువ్వు గోళ్ళు కొరుక్కుంటున్నావని బంట్రోతు చెప్పాడు. లోపల ఏమైందో ఎవరెవరో నీకు ఏవేవో చెప్పి ఉంటారు. అసలు సంగతి నేను చెబుతాను విను.

ఆ గదిలోకి వెళ్ళగానే పైకి చూశాను. అక్కడా అదే కన్ను. ఓహో అనుకున్నాను. నా ఎత్తు ఏమిటంటే, గొంతు దించి, మెల్లగా, కథ చెప్పినట్టు చెబితే అందరూ బొమ్మల్లా వింటారు, కదలరు, లైట్లు టప్పున ఆరిపోతాయి, అప్పుడు ‘చూశారా బాబూ, మేం పడుతున్నది ఇదే’ అంటాను. బొత్తాలావిడ చెవిలో ముందే ఊదాను.

ఏం మనుషులే వాళ్ళు! ఒక్కడు కుదురుగా కూర్చోడు. ఒకడు మోకాలు ఊపుతాడు. ఒకడు ఫోను గీకుతాడు. ఒకడికి చక్రాల కుర్చీ ఇచ్చారు, చిన్నపిల్లాడిలా అటు తిరుగుతాడు ఇటు తిరుగుతాడు. ఛైర్మన్ అయితే కలంతో చెవి తిప్పుకుంటాడు. ఆ గదిలో లైటు ఆరాలంటే ప్రళయం రావాలి. నేను చెప్పీ చెప్పీ గొంతెండిపోయింది గానీ ఒక్క లైటు రెప్ప వెయ్యలేదు. బొత్తాలావిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంది, నేను దాని కాలు తొక్కాను.

అప్పుడు ఛైర్మన్ నీ కాగితం చదివించాడు. చదివినతను గడగడా చదివాడు. నాకోసం మళ్ళీ చదవమన్నాను, చదివాడు. ‘ఈ సెన్సర్లు వరండాలకీ మెట్లకీ తయారు చేసినవి. వాటినే పనిగదుల్లోనూ బిగించమని ఆర్డరు రాసింది నేను. రాసే ముందు ఏ పనిగదికీ వెళ్ళి చూడలేదు. ఈ గదిని మూస్తే పొగ తగ్గేది కాగితం మీదే. బయట కుట్టించి వ్యానులో తెప్పిస్తే నిజంగా పెరగొచ్చు కూడా. ఈ గదిని జాబితాలో పెట్టిన నా సిఫారసును వెనక్కి తీసుకుంటున్నాను.’ కింద నీ పేరు, నీ హోదా.

చక్రాల కుర్చీవాడు, ‘మేనత్త కాబట్టి ఇలా రాసిందిలెండి’ అన్నాడు. నేనూరుకుంటానా? ‘బాబూ, మేనత్త అని కాపాడేదైతే ముందు ఆ జాబితాలో నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టి ఉండేదా? మా అత్తాకోడళ్ళ ప్రేమలు తమరికి తెలీవు’ అన్నాను. ఛైర్మన్ నవ్వాడు. ఆయనకి చెవుడని ఎవరన్నారే, కావలసినవి బాగానే వినిపిస్తాయి.

తరవాత నువ్వు చెప్పిన ప్రశ్నే వేశాడు. జవాబు తీసుకెళ్ళాం. దాని కోసం మా గదిలో వారం రోజులు జుట్లు పట్టుకున్నంత పనైంది. కిటికీలకి అడ్డమున్న బీరువాలు గోడకి జరిపి, మిషన్లు కిటికీల దగ్గరికి తెస్తాం. ఎనిమిది లైట్లలో నాలుగు తీసేసుకోండి. ఇస్త్రీ రోజూ వద్దు, పోగుచేసి వారానికి రెండు పూటలు చేస్తాం. నాలుగోది గోడ ఫ్యాను. రోజూ సాయంత్రం తడిగుడ్డతో పొట్టు తుడిచేసి ఫ్యాను ఆపి వెళ్తాం. దానికి నేను ఒప్పుకోలేదు. మంట చూసిన కళ్ళివి. ఏడుగురూ ఒకవైపు, నేను ఒక్కదాన్నీ ఒకవైపు. ‘నిప్పంటుకున్నది ఫ్యాను ఆగినందుకు కాదమ్మా, మనం ఊడవనందుకు’ అంది బొత్తాలావిడ. ఓడిపోయాను. కమిటీలో ఆ ముక్క మాత్రం దాని చేతే చెప్పించాను, నా నోట రాలేదు.

తీర్పు నీకు కాగితం మీద వచ్చే ఉంటుంది. ఏడాది చివరిదాకా గడువు. స్విచ్చు తిరిగి పెడతారు. మీటరు పోయినేటి కన్నా పదోవంతు తగ్గితే గది ఉంటుంది. తగ్గకపోతే మారుమాట లేకుండా తాళం.

నీ మీద కోపం పోలేదు. సగం పోయింది. ఆ కాగితం వల్ల నీకేమైనా ముప్పుందా? దాచకుండా రాయి. గుమాస్తా గొంతు తగ్గించి చదువుతానని ఒట్టేశాడు.

మీ అత్త (వేలిముద్ర)


ఇంధన విభాగం, హెడ్డాఫీసు
జనవరి

అత్తా,

ముందు నీకు కావలసింది. డిసెంబరు మీటరు వచ్చింది. మీ గది వాడకం గడువు నాడు పెట్టిన హద్దు కన్నా బాగా కిందికి దిగింది. దాదాపు పావువంతు తగ్గింది. నిన్న కమిటీ మీ గదిని జాబితాలోంచి కొట్టేసింది. కుట్టుగది ఉంటుంది. కాగితం విడిగా సూపరింటెండెంటు గారికి వస్తుంది. ఈ వాక్యం గుమాస్తా గారు ఎంత గట్టిగా చదివినా నాకు అభ్యంతరం లేదు.

జాబితాలో రెండోది, పాత అచ్చుగది, మూసేశారు. అక్కడి ఇద్దరినీ స్టోరుకి మార్చారు. వాళ్ళ తరఫున ఎవరూ రాలేదు.

నాకేమైందని అడిగావు. పెద్దగా ఏమీ కాలేదు. ఆర్డరు రాసినవాళ్ళే ఆర్డరు తప్పని రాసివ్వడం మా ఆఫీసులో ఇంతవరకూ లేదు, అందుకని మా పై అధికారి కొన్నాళ్ళు నాతో మాట్లాడకుండా ఫైళ్ళతో మాట్లాడారు. ఈ ఏడాది మా విభాగానికి రావలసిన ప్రశంస ఇంకో విభాగానికి వెళ్ళింది. నాకు కొత్త పని అప్పగించారు, శిక్ష అనుకుని. అన్ని ఆసుపత్రుల్లోనూ పనిగదులకి వెళ్ళి, ఒక్కోచోట ఒక పూట కూర్చుని, ఎక్కడ సెన్సరు పనికొస్తుందో ఎక్కడ స్విచ్చు ఉండాలో రాయాలి. వరండాల్లో, స్నానాల గదుల్లో అవి బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి అత్తా, ఆ మాట నువ్వు ఒప్పుకోవు గానీ నిజం.

అందుకే నవంబరులో మీ గదితో మొదలుపెట్టాను. ఊరికే కూర్చుంటానంటే నువ్వు ఊరుకోలేదు, దుప్పటి ఒళ్ళో పడేశావు. అంచు మడిచి కుట్టడం ఇంత కష్టమని నాకు తెలీదు. తల ఎత్తితే దారం తప్పుతుంది. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది. నేను కుట్టింది ఏమైంది?

నీ కోడలు


కుట్టుగది
జనవరి

ఏమే,

నీ ఉత్తరం గుమాస్తా వరండాలో నిలబడి చదివాడు. అటు ఓపీ వరసలో ఉన్న రోగులు కూడా చప్పట్లు కొట్టారు, ఎందుకో వాళ్ళకే తెలీదు. బొత్తాలావిడ ఏడ్చింది. నేను ఏడవలేదు, పొట్టు కంట్లో పడింది.

సాయంత్రం తాళంచెవి ఇవ్వడానికి వెళ్తే కాపలావాడు, ‘ఏమ్మా, రాత్రికి పేకాటకి వస్తున్నారా?’ అని అడుగుతాడు. రోజూ అడుగుతాడు. అడగనీ. వాడి భార్య మాత్రం ఇంకా పలకదు. దాని మాటా నిజమే, నేను వేసిన నింద నేను వెనక్కి తీసుకుంటే చెరిగిపోతుందా? దానికి కాలం పడుతుంది.

అచ్చుగది ఇద్దరి మాట రాశావు. స్టోరుకొచ్చారు, చూశాను. పెట్టెలు మోస్తున్నారు. వాళ్ళ కేసు అడిగేవాళ్ళు లేకపోయారు అన్నావు. ఆ వేళ నాతో ఒక్కమాట అనుంటే వాళ్ళ కేసు కూడా నేనే అరిచేదాన్ని. మళ్ళీ అలాంటి జాబితా తయారైతే, సంతకం పెట్టేముందు, అందులో ఉన్నవాళ్ళకి కబురు పెట్టు. ఇది అత్తగా చెబుతున్న మాట, ఆఫీసరుకి చెబుతున్న మాట కూడా.

నీ దుప్పటి సంగతి అడిగావు. అంచు పాము పాకినట్టుంది. విప్పి కుట్టమని బొత్తాలావిడకిచ్చాను. అది విప్పకుండా మూటలో కలిపి ఆరో వార్డుకి పంపేసింది. ఏమే అంటే, ‘పోనీండి, కప్పుకున్నవాళ్ళకి వెచ్చదనం తెలుస్తుంది గానీ అంచు కనపడుతుందా’ అంది. వాళ్ళు ఫిర్యాదు చెయ్యలేదు. చెయ్యరు, రోగులు కదా, ఓపికుండదు. నేను మాత్రం ఒప్పుకోను. ఉతికి తెచ్చాక పట్టుకుని విప్పేసి పక్కన పెడతాను. నువ్వే వచ్చి కుట్టాలి. ఈ నెల కాకపోతే వచ్చే నెల రా, తీరినప్పుడే రా. గది ఎక్కడికీ పోవడం లేదు.

మీ అత్త (వేలిముద్ర)